300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ముందు మార్చాల్సింది యాంప్‌నా, ప్యాడ్‌నా?

300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కొన్నవాళ్లకు మొట్టమొదట అందే సలహా ఒకటే: "దీనికి మంచి యాంప్ పడాలి." చెవి చుట్టూ ఉండే ప్యాడ్ సంగతి అప్పుడెవరూ ఎత్తరు. అది అణిగి చదునయ్యాకో, పైతోలు లేచి నల్లటి పెచ్చులు చెంపకు అంటుకుంటున్నప్పుడో గుర్తొస్తుంది. ఈ వరస సరైనదేనా? యాంప్ మారిస్తే శబ్దం ఎంత మారుతుంది, ప్యాడ్ మారిస్తే ఎంత మారుతుంది, ఆ రెండు మాటలకూ ఉన్న ఆధారాల బలం ఎంత అన్నది ఇక్కడ పరిశీలిద్దాం. ఉదాహరణలుగా 2003లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డి 650 (300 ఓమ్‌లు), బేయర్‌డైనమిక్ డీటీ 880లో 600 ఓమ్‌ల రకం తీసుకుంటున్నాను. చెప్పేదంతా కాయిల్, డయాఫ్రమ్ ఉన్న డైనమిక్ హెడ్‌ఫోన్లకే వర్తిస్తుంది.

కావలసింది వోల్టేజీ

ఇంపీడెన్స్ (ఓమ్‌లలో చెప్పే నిరోధం) ఎక్కువంటే సాధారణంగా కాయిల్‌లో తీగ సన్నం, చుట్లు ఎక్కువ. అలాంటి కాయిల్ కరెంటు తక్కువే తీసుకుంటుంది కానీ వోల్టేజీ ఎక్కువ అడుగుతుంది. హెచ్‌డి 650కి 1 వోల్టు ఇస్తే 103 డెసిబెళ్లు వస్తాయని తయారీదారు లెక్క. పాటలో ఒక్క క్షణం ఎగిసే శిఖరాలకు 110 డెసిబెళ్లు కావాలనుకుంటే 2.24 వోల్టులు చాలు. కరెంటు ఏడెనిమిది మిల్లీ ఆంపియర్లే. డీటీ 880 మిల్లీవాట్‌కు 96 డెసిబెళ్లు ఇస్తుంది కాబట్టి అదే 110కి దాదాపు 25 మిల్లీవాట్లు, అంటే 600 ఓమ్‌ల మీద 3.9 వోల్టులు కావాలి.

యాంప్ పెట్టె మీద అచ్చేసిన వాట్లు చాలావరకు 32 ఓమ్‌ల దగ్గర కొలిచినవి. 32 ఓమ్‌లకు 1 వాట్ ఇచ్చే యాంప్ వోల్టేజీ 5.66. అదే వోల్టేజీ 300 ఓమ్‌ల మీద 107 మిల్లీవాట్లే అవుతుంది. అంకె తగ్గిందని కంగారు పడక్కర్లేదు. హెచ్‌డి 650 దానితో 118 డెసిబెళ్లు దాటించగలదు. చెవులు అంత దూరం వెళ్లకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షితమని చెప్పింది వారానికి 40 గంటలు, సగటున 80 డెసిబెళ్లు. కాబట్టి మామూలుగా మోగే సినిమా పాటలకు 1 వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ సరిపోవచ్చు. చాలా తక్కువ స్థాయిలో రికార్డు చేసిన కచేరీలకు, 600 ఓమ్‌ల రకానికి మాత్రం యాంప్ అవసరం నిజమైనదే.

యాంప్ రంగు ఎక్కడినుంచి వస్తుంది

వోల్టేజీ సరిపోయాక మిగిలే పెద్ద తేడా యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్. హెచ్‌డి 650 పేరుకు 300 ఓమ్‌లే అయినా, డ్రైవర్ సహజంగా ఊగే 100 హెర్ట్జ్ ప్రాంతంలో అది 500 ఓమ్‌ల దాకా పెరుగుతుంది. యాంప్ వైపు నిరోధం, హెడ్‌ఫోన్ నిరోధం వోల్టేజీని పంచుకుంటాయి. హెడ్‌ఫోన్ నిరోధం పెరిగిన చోట దాని వాటా కూడా పెరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ 10 ఓమ్‌లైతే 100 హెర్ట్జ్ దగ్గర మిగతా శబ్దం కంటే 0.1 డెసిబెల్ ఎక్కువొస్తుంది. ఎవరి చెవికీ అందేది కాదు. 1996 నాటి ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం) ప్రమాణం సూచించిన 120 ఓమ్‌లైతే అది 1 డెసిబెల్‌కు కాస్త పైన. ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వ్ యాంప్‌లు చాలావరకు పదుల ఓమ్‌ల నుంచి ఈ స్థాయి దాకా ఉంటాయి. వాల్వ్ యాంప్‌తో 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ "వెచ్చగా" వినిపిస్తుందనే మాటకు ఇందులో కొంత ఆధారం ఉంది. వాల్వ్‌లు తమ వంతు వక్రీకరణ కూడా కలపవచ్చు. ఎలా చూసినా అది మెల్లని, ముందే ఊహించగల మార్పు.

ప్యాడ్ చేసే పని

ప్యాడ్ మెత్తన మాత్రమే కాదు. డ్రైవర్‌కూ చెవికీ మధ్య గదిని కట్టేది అదే. ఆ గది లోతు, గోడల పదార్థం, గాలి జారిపోయే సందులు మూడూ శబ్దంలో తేలతాయి.

100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు 3.4 మీటర్లు. దాని ముందు నాలుగైదు మిల్లీమీటర్ల లోతు లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేది సందు. కళ్లజోడు కాడ కింద చిన్న ఖాళీ ఏర్పడినా, ముఖ్యంగా మూసి ఉన్న హెడ్‌ఫోన్లలో, బేస్ జారిపోతుంది. 8,000 హెర్ట్జ్ దగ్గర పరిస్థితి తలకిందులు. అక్కడ తరంగం 4.3 సెంటీమీటర్లే, అంటే ప్యాడ్ లోపలి కొలతలకు సమీపం. అందుకే నాలుగు మిల్లీమీటర్లు అణిగినా ట్రెబుల్‌లోని ఎత్తుపల్లాలు చోటు మారతాయి. వెలోర్ (మఖమల్ లాంటి బట్ట) కొంత గాలిని వదిలి, పైశబ్దాలను కొంత పీల్చుకుంటుంది. రంధ్రాలు లేని తోలు బేస్‌ను పట్టి ఉంచి, పైశబ్దాలను లోపలే తిప్పికొడుతుంది. ఇలా వచ్చే మార్పు తరచు ఒకటి రెండు డెసిబెళ్లను దాటుతుంది. పైగా ఒక్కచోట ఆగదు.

హెచ్‌డి 650 ప్యాడ్ ఊడదీస్తే డ్రైవర్ ముందు పలుచని ఫోమ్ బిళ్ల కనిపిస్తుంది. ఏళ్లు గడిస్తే అది వేలు తగలగానే పొడిపొడిగా రాలుతుంది. కొత్త ప్యాడ్ వేసి ఈ బిళ్లను మరచిపోతే ట్రెబుల్ మారిపోతుంది. నింద మాత్రం ప్యాడ్ మీద పడుతుంది. ప్యాడ్ పాడవడానికి మన వాతావరణం మరో కారణం. కృత్రిమ తోలులోని పాలియురేథేన్ తేమకు, వేడికి విచ్ఛిన్నమవుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంత ఊళ్ల ఉక్కపోతలో పెచ్చులు లేవడం ఆశ్చర్యం కాదు.

సాక్ష్యం ఏ పాటిది

ఇక్కడొక చిక్కుంది. యాంప్‌లను కళ్లు కట్టి పోల్చడం సులువు: శబ్దస్థాయి సమం చేసి, స్విచ్ తిప్పితే చాలు. కొంచెం గట్టిగా వినిపించింది మెరుగ్గా తోస్తుంది కాబట్టి సమం చేయకుండా చెప్పిన ఏ తీర్పూ నిలవదు. ప్యాడ్‌ల విషయంలో కళ్లు కట్టినా చర్మం పోల్చుకుంటుంది: ఇది వెలోర్, ఇది తోలు అని. హర్మన్ సంస్థలో షాన్ ఓలివ్ బృందం 2013లో ఈ ఇబ్బంది తప్పించడానికి, పలు హెడ్‌ఫోన్ల స్వభావాన్ని ఒకే హెడ్‌ఫోన్ ద్వారా అనుకరించి వినిపించే పద్ధతిని వివరించింది. ప్యాడ్ మార్చాక "వేదిక విశాలమైంది" అని చెప్పే మాటల్లో శబ్దం పాలు ఎంతో, చెంపకు తగిలిన మెత్తదనం పాలు ఎంతో విడదీయడం కష్టం.

కొలతలకూ పరిమితి ఉంది. హెన్రిక్ మోలర్ బృందం 1995లో 14 హెడ్‌ఫోన్లను 40 మంది చెవుల మీద కొలిచి ప్రచురించింది. ఒకే హెడ్‌ఫోన్ ఒక్కో చెవికి ఒక్కోలా అందుతుందని, పైశబ్దాల్లో ఆ తేడా మరీ ఎక్కువని అందులో కనిపిస్తుంది. కాబట్టి ఒక కృత్రిమ చెవి మీద గీసిన ప్యాడ్ గ్రాఫ్ దిశ చెబుతుంది. మీ తలమీద వచ్చే ఫలితానికి హామీ ఇవ్వదు. ఇక ధర సంగతి: 2017లో యరూన్ బ్రేబార్ట్ 283 హెడ్‌ఫోన్లను పరిశీలించి, ధరకూ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ సంబంధం లేదని చూపాడు.

నిర్ధారణ

పై లెక్కలు, కొలతలు ఒక వరసను సూచిస్తాయి. మొదట వోల్టేజీ: 110 డెసిబెళ్ల శిఖరాలూ కావాలంటే 300 ఓమ్‌లకు రెండున్నర, 600 ఓమ్‌లకు నాలుగు వోల్టులు అందుతున్నాయా? తర్వాత అవుట్‌పుట్ ఇంపీడెన్స్: హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతులోపు ఉందా? రెండూ కుదిరితే ఇంకో యాంప్ తెచ్చే మార్పు చిన్నది. అంతకంటే పాత ప్యాడ్ చేస్తున్న మార్పు పెద్దది కావచ్చు. ఆ ప్యాడ్ స్థానంలో ముందు తయారీదారు అసలు ప్యాడే వేయాలి. వేరే రకం వేస్తే అది మరమ్మతు కాదు, మరో హెడ్‌ఫోన్ తయారుచేసుకోవడం.

ఈ రాత్రి ప్యాడ్‌ను బొటనవేలితో నొక్కి వదలండి. నెమ్మదిగానైనా పైకి లేవకపోతే, యాంప్ కోసం దాచిన డబ్బు ఇంకొన్నాళ్లు దాచే ఉంచండి.