జాబితాలో పేరొచ్చిందా?

కలిదిండి అనగానే చాలామందికి ఊరికన్నా ముందు ఇంటిపేరు గుర్తొస్తుంది. భీమవరం చుట్టుపక్కల రాజుల ఇళ్ళలో ఆ ఇంటిపేరు వాళ్ళకు కొదవలేదు. ఊరు మాత్రం కొల్లేటికి దక్షిణాన, ఉప్పుటేరుకు పడమటి పక్కన, చేపల చెరువుల మధ్య ఉంది. మండల కేంద్రమే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అర్జీ పట్టుకుని బందరు వెళ్ళడం తాతల నాటి అలవాటు. ఇప్పుడు ఏలూరు బస్సెక్కాలి.

ఈ ఊళ్ళో ఏ అరుగు మీద కూర్చున్నా తప్పకుండా వినపడే మాట ఒకటుంది: "జాబితాలో పేరొచ్చిందా?" పింఛనుకైనా, ఇంటి స్థలానికైనా, వరద సాయానికైనా అదే ప్రశ్న. వెతికితే ఈ ప్రశ్న వయసు వెయ్యేళ్ళ దాకా తేలుతుంది.

రాజమహేంద్రవరం నుంచి వేంగి రాజ్యాన్ని ఏలిన రాజరాజ నరేంద్రుడు తెలుగువాళ్ళకు నన్నయ ప్రభువుగా తెలుసు. ఆయన ఏలుబడి (1022–1061) మాత్రం సుఖంగా సాగలేదు. సవతి తమ్ముడు విజయాదిత్యుడు సింహాసనం తనదంటాడు. అతని వెనక కల్యాణి చాళుక్యులు. నరేంద్రుడి వెనక మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా అయిన రాజేంద్ర చోళుడు. చోళుడు మేనల్లుడికి తోడుగా ముగ్గురు సేనానులను పంపాడు. కర్ణాట సైన్యం వాళ్ళకు ఎదురుపడిన చోటు కలిదిండి. ముగ్గురూ ఇక్కడే పడిపోయారు. వాళ్ళ పేర్లు రాజరాజ బ్రహ్మ మహారాజు, ఉత్తమచోడ చోళకోన్, ఉత్తమచోడ మిలాడుడైయాన్. ఇద్దరి పేర్లు పలకడానికే మన నాలుక తడబడుతుంది. తమిళ దేశం నుంచి వచ్చి ఈ బురదనేలలో ప్రాణాలొదిలినవాళ్ళు మరి.

నరేంద్రుడు వాళ్ళ పేరిట ఇక్కడ మూడు శివాలయాలు కట్టించాడు. ఊరికే కట్టి వదిలెయ్యలేదు. కలిదిండిని, దాంతోపాటు మరికొంత నేలను కలిపి మధురాంతకనల్లూరు అని కొత్త పేరు పెట్టి, రాగిరేకుల మీద దానం చెక్కించాడు. మధురాంతకుడంటే రాజేంద్ర చోళుడి బిరుదు. దానంలో చేరిన ఆవకూరు ఇవాళ్టికీ కలిదిండి మండలంలోనే ఉంది. గుడుల నిత్యపూజలకు, మరమ్మతులకు, శాస్త్రాలు చదివే విద్యార్థుల అన్నసత్రానికి ఆ ఊళ్ళ రాబడి చెల్లాలని ఏర్పాటు. ఊళ్ళో ఇప్పుడున్న పాతాళ భోగేశ్వరస్వామి గుడిని జనం నరేంద్రుడి కాలం నాటిదిగానే చెప్పుకుంటారు. శివరాత్రికి అక్కడ ఇసుక వేస్తే రాలదు.

నాకు ఈ శాసనంలో యుద్ధం కన్నా సత్రం మీదే ఆసక్తి. ఊరి రాబడి రాసివ్వడమంటే, రైతు కట్టే పన్ను రాజు బొక్కసానికి పోకుండా గుడికి, సత్రానికి చేరడం. సంక్షేమ నిధి అని ఇవాళ మనం అనేదానికి అది దగ్గరి చుట్టమే. డబ్బు ఎక్కడి నుంచి రావాలో, దేనికి ఖర్చు కావాలో రాగి మీద రాసి ఉంది. ఆ అన్నం ఎవరికో కూడా అందులోనే ఉంది. శాస్త్రం చదివేవాడు పేరున్నవాడు. వాడి కంచంలోకి గింజ పండించినవాడు, ఏట్లో వల వేసేవాడు ఆ లెక్కలోకి రారు. ఆ కాలాన్ని మన కాలపు తూనికలో తూయడం భావ్యం కాదనే మాట ఉంది. కాదనను. కానీ సాయం మొదలైన రోజునే దానికి ఒక పట్టీ కూడా పుట్టిందన్న సంగతి మరుగుపరచనక్కర్లేదు.

పట్టీ లేని సాయం ఈ గోదావరి సీమలో లేకపోలేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళకాని వేళ వచ్చినవాళ్ళకు కూడా కులం, ఊరు అడగకుండా వండి పెట్టింది. పడవలు దిగిన బాటసారులకు ఆవిడ ఇల్లే సత్రం. 2024లో మన ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. అయితే అది ఒక ఇల్లాలి ఓపిక మీద, ఆ ఇంటి పొలం మీద నడిచిన సత్రం. అలాంటి ఇల్లు ఊరికొకటి ఉండదు.

కలిదిండి వైపు మళ్ళీ వద్దాం. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్ళు ఇటు రావడం మొదలైంది. వరి పండింది. నీళ్ళు వచ్చినంత మాత్రాన భద్రత రాలేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 30 వేలమంది పోయారని లెక్క. బందరులో మిషనరీల బడిలో ఉంటున్న ఆడపిల్లలు కూడా ఆ నీళ్ళలో కొట్టుకుపోయారు. అలాంటి రోజున జాబితా చూసేవాళ్ళుండరు. ఎవరికి దొరికిన గింజ వాళ్ళది.

ఆ మిషనరీలనే తీసుకుందాం. రాబర్ట్ నోబుల్ 1841లో బందరు వచ్చి, 1843లో బడి పెట్టాడు. ఈ సీమలో ఇంగ్లీషు చదువుకు అదే పెద్ద వాకిలి. కానీ ఆ వాకిట్లో పంచములకు చోటు లేదు. అగ్రకులాల పిల్లలు చెదిరిపోతారని నోబుల్ దొర వాళ్ళను చేర్చుకోలేదు. క్రీస్తు పేరు చెప్పుకునే బడిలో కూడా ఊరి కట్టుబాటే గెలిచింది. తర్వాతి తరం మిషన్ వాళ్ళు పల్లెల్లోకి, మాలపల్లెల్లోకి వెళ్ళాకే లెక్క మారింది.

పేరు లేనివాళ్ళు తమ పేరు తామే పెట్టుకున్న ఘట్టం 1917 నవంబరులో బెజవాడలో జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చి అధ్యక్షత వహించారు. గుడివాడ వైపు నుంచి గూడూరు రామచంద్రరావు ఆ సభను కూర్చడంలో ముందున్నారు. పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని సభ తేల్చి చెప్పింది. సభ జరిగిన మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు! వాళ్ళు అడిగినవాటిలో బళ్ళు, బావులు ముందు వరసలో ఉన్నాయి.

బావి మాట కలిదిండి సీమకు మరీ చెల్లుతుంది. ఇక్కడ నేలలోంచి వచ్చే నీరు ఉప్పు. బోరు వేసినా తాగేందుకు పనికిరాదు. కాలువ కట్టేసే లోపు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, వేసవంతా ఆ చెరువే దిక్కు. ఒకప్పుడు ఆ చెరువుకు ఎవరి రేవు వాళ్ళది, కొందరికి రేవే లేదు. ఇప్పుడు రేవుల గొడవ పోయి ఇరవై లీటర్ల టిన్ను వచ్చింది. టిన్నుకు కులం లేదు, ధర ఉంది. చేపల చెరువుల నీరు ఊరి చెరువులోకి ఊరడం కూడా కొత్తగా వచ్చిన బెడదే.

సాయం కోసం వచ్చిన జాబితా ఎలా చేతులు మారుతుందో చూడాలంటే కొల్లేటి సొసైటీలను మించిన పాఠం లేదు. తాటిదోనెల మీద తిరుగుతూ మావులు వేసి చేపలు పట్టుకునే వడ్డీ కులంవాళ్ళకు, లంకల్లోని దళితులకు బతుకుతెరువు చూపాలని 1976 ప్రాంతంలో జలగం వెంగళరావు ప్రభుత్వం సరస్సులోనే వందకు పైగా చేపల చెరువులు తవ్వించింది. వాటిని సహకార సంఘాలకు అప్పగించింది. సంఘంలో సభ్యుడైతే చెరువులో వాటా. ఆలోచన మంచిది. కానీ చేపపిల్లకు, మేతకు, తవుడుకు, పట్టుబడి దాకా ఏడాది పొడుగునా పెట్టుబడి కావాలి. వాటాదారు దగ్గర అది లేదు. అది ఉన్నవాడు బయట ఉన్నాడు. చెరువు లీజుకు పోయింది. సభ్యుడి చేతికి ఏటా కొంత సొమ్ము వచ్చింది. బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలెక్కి బెంగాలు, అస్సాం దాకా వెళ్ళాయి. కాగితం మీద చెరువు వడ్డీదే.

తర్వాత కథ తెలిసిందే. 1990ల్లో గట్టు మీద గట్టు లేచి సరస్సే కనపడకుండా పోయింది. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశంతో గట్లను పేల్చారు. పెట్టుబడిదారు వేరే చోట చెరువు చూసుకున్నాడు. లంకలో మిగిలినవాడికి వాటా కాగితం, బ్యాంకు అప్పు మిగిలాయి. కొంగలకు చోటు కావాలన్నది నిజమే, కొల్లేరు నిండితేనే రెండు డెల్టాల వరద దిగుతుందన్నదీ నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచి కొల్లేట్లోకి దిగినప్పుడు పెద యెడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతుందో కైకలూరు, మండవల్లి లంకలవాళ్ళు పూటపూటా కనుక్కున్నారు. కానీ పర్యావరణం పేరు చెప్పి గట్టు కొట్టినప్పుడు, ఆ గట్టు మీద ఎవరి పేరుంది, ఎవరి సొమ్ముంది అనే రెండు ప్రశ్నలకు రెండు వేర్వేరు జవాబులున్నాయని ముందే ఒప్పుకుని ఉంటే పునరావాసం ఇంకోలా ఉండేది.

ఇక ఇంటింటికీ చేరిన ప్రభుత్వ సాయం సంగతి. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం, 1985లో మండలాలు, 1995 ఆగస్టు 15న కేంద్రం ఇచ్చిన నెలకు 75 రూపాయల వృద్ధాప్య పింఛను. అంగన్‌వాడీల పథకం అంతకు ముందే, 1975లో పుట్టింది. 2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ. గుండెనొప్పి వస్తే ఎడ్లబండి, అద్దె కారు వెతుక్కునే రోజులు పోయాయి. ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు పల్లెలో రాత్రిపూట కాన్పు చూసి ఉండరు.

పింఛను 2014లో వెయ్యి, 2019 జనవరిలో రెండు వేలు, 2024 జులైలో నాలుగు వేలు అయింది. మత్స్యకారులకు యాభై నిండితే చాలు, ఆ పింఛను వస్తుంది. కొల్లేటి పల్లెల్లో ఇది చిన్న సంగతి కాదు. ముసలమ్మ చేతికి నెల మొదట్లో సొమ్ము వస్తే ఇంట్లో ఆవిడ మాటకు బరువొస్తుంది. మందుల చీటీ పట్టుకుని కొడుకు ముఖం చూడనక్కర్లేదు.

సాయం మన గుమ్మానికి రావాలా, మనం దాని గుమ్మానికి వెళ్ళాలా అన్నది మాత్రం ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతోంది. 2019 ఆగస్టులో యాభై ఇళ్ళకొక వాలంటీరు వచ్చారు, అక్టోబరు 2న సచివాలయాలు వచ్చాయి. 2024 ఎన్నికల ముందు వాలంటీర్లను పింఛను పంపిణీ నుంచి తప్పించమని ఎన్నికల సంఘం చెప్పింది. ఏప్రిల్ ఎండలో పెద్దవాళ్ళు సచివాలయాల దాకా నడిచారు. జులై నుంచి సచివాలయం ఉద్యోగులే ఇంటికొస్తున్నారు. బియ్యం బండి 2021లో వీధిలోకి వచ్చింది, 2025 జూన్‌లో ఆగిపోయింది. మళ్ళీ డీలరు కొట్టు దగ్గర వరస. అరవై అయిదు దాటినవాళ్ళకు, వికలాంగులకు మాత్రం ఇంటికే.

గుమ్మం ఎటున్నా జాబితా ఒక్కటే. దానికి ఆరంచెల పరిశీలన అని పేరు. పల్లెలో కుటుంబం నెలసరి ఆదాయం పది వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. కరెంటు 300 యూనిట్లు మించకూడదు. కారు ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టకూడదు, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు. చదవడానికి సబబుగానే ఉన్నాయి. చిక్కంతా 'ఇల్లు' అనే దగ్గర. అన్నదమ్ములు వేరు కాపురం పెట్టినా మీటరు ఒకటే అయితే రెండు పొయ్యిల కరెంటు ఒక ఖాతాలో పడుతుంది. ఉద్యోగం వచ్చిన కొడుకు హైదరాబాదులో ఉంటాడు, తల్లి పేరు వాడితోనే మ్యాపింగ్‌లో ఉంటుంది. కార్డు స్ప్లిట్ కావాలంటే తిరుగుడే తిరుగుడు. చెరువు పనిలో చేతులు అరిగినవాళ్ళకు వేలిముద్ర పడదు, కన్నో ముఖమో చూపించాలి. అందుకే సచివాలయం కిటికీ దగ్గర పదవ తరగతి చదివిన మనవరాలిదే ఇవాళ ఇంటి పెద్దరికం.

పట్టీకి పూర్తిగా బయట ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. చెరువు గట్ల మీద పాకలు వేసుకుని కాపలా కాసే కుటుంబాలు చాలావాటికి ఇది సొంత ఊరు కాదు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచీ, ఒడిశా నుంచీ వస్తారు. మేత కట్టడం, రాత్రి దొంగల మీద కన్నేసి ఉంచడం, నీటిలో గాలి తగ్గితే ఏరియేటర్ వేయడం వాళ్ళ పని. రేషన్‌కార్డు మరో ఊళ్ళో ఉంటుంది. ఒకే దేశం ఒకే కార్డు పుణ్యమా అని బియ్యం ఇక్కడైనా తీసుకోవచ్చు. వలస వచ్చిన బాలింతను, పసిపిల్లను ఇక్కడి అంగన్‌వాడీలో రాసుకునే వీలు కూడా ఉంది. రాసుకోవాలంటే ఎవరో ఒకరు గట్టు దాకా రావాలి, లేదా ఆ తల్లి పిల్లను ఎత్తుకుని ఊళ్ళోకి రావాలి. వానాకాలంలో ఆ గట్టు మీద సైకిలు కూడా నడవదు.

ఆ పాకలకు ఇంటి నంబర్లు లేవు. సర్వే చేసేవాళ్ళకు ఇంటి నంబరు కావాలి. ఏడాదిలో ఎప్పుడు వెళ్ళినా పాకలో మనుషులుంటారు, పట్టుబడి అయ్యాక వెళితే మాత్రం పాత మనుషులే ఉంటారన్న నమ్మకం లేదు. చెరువు యజమానికి లైసెన్సు ఉంది, అందులో చెరువు సర్వే నంబరు ఉంది. ఆ నంబరు పక్కనే, అక్కడ కాపురముంటున్నవాళ్ళ పేర్లు కూడా రాయాలని ఒక గడి పెడితే చాలు. పంచాయతీకి అదేమంత పెద్ద పని కాదు.