పోలియో పోయింది, ఫిజియోథెరపీ ఉండిపోయింది: అనంతపురం కథ

ఫిజియోథెరపీ అంటే నొప్పి ఉన్నచోట కరెంటు పెట్టడమే అనుకునేవాళ్లు మన దగ్గర ఇంకా చాలామందే ఉన్నారు. ఆ వైద్యం అనంతపురం పల్లెలకు ఎందుకు కావాల్సి వచ్చిందో ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు బొంబాయికి పోవాలి. 1952లో అక్కడ పోలియో ప్రబలింది. మరుసటి ఏడాదే కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో ఫిజియోథెరపీ స్కూలు మొదలైంది. మన దేశంలో ఈ చదువును ముందుకు తెచ్చింది పోలియోనే అన్నమాట. కండరాలను ఆడించే వెన్నుపాము కణాలను ఆ వైరస్ చంపేస్తుంది. చచ్చిన కణం తిరిగి రాదు. కానీ కాలు వంకర పోవడం వేరే సంగతి. బలమున్న కండరం ఒకవైపే లాగుతూ ఉంటే కీలు ఆ మడతలోనే బిగుసుకుపోతుంది. అట్లా మోకాళ్లు మడతపడిన పిల్లవాడు ఇంక నేలమీద పాకాల్సిందే. రోజూ కీలును మెల్లగా సాగదీసి, క్యాలిపర్ తొడిగితే దీన్ని చాలావరకు ఆపొచ్చు.

ఈ 'రోజూ' అనే మాట దగ్గరే అనంతపురంలో చిక్కు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. శెనక్కాయ పంట ఎండితే జనం బెంగళూరుకు కూలికి పోతారు. బిడ్డను ఎత్తుకొని టౌనుకు తిరగాలంటే బస్సు ఛార్జీ ఒకటి, ఆ రోజు కూలి ఇంకొకటి. ఇక్కడ కాళ్లు వంకరపోవడానికి వైరస్ ఎంత కారణమో, ఈ దూరమూ అంతే కారణమని నేనంటాను.

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును జనం ఆర్డీటీ అంటారు. బావులు, బడులు, ఇళ్ల తర్వాత ఆ సంస్థ వికలాంగుల వైపు వచ్చింది. ఊళ్లలో వాళ్ల సంఘాలు, క్యాలిపర్లు చేసే వర్క్‌షాపు, ఫిజియోథెరపీ. 2000లో బత్తలపల్లిలో ఆసుపత్రి కూడా వచ్చింది. భవనం కన్నా ఊళ్లో పనే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఎందుకంటే సాగదీయడం తల్లికి నేర్పితే, అది రోజూ జరుగుతుంది.

దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. 2014 మార్చి 27న పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. మరి ఫిజియోథెరపీ గదులు ఖాళీ అయ్యాయా? లేదు. పుట్టినప్పుడు మెదడు దెబ్బతిన్న పిల్లలు, పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు, కలుపు తీసి తీసి మోకాళ్లు అరిగిన ఆడవాళ్లు వస్తున్నారు. ఫ్లోరైడు నీళ్లతో నడుము బిగిసినవాళ్లూ ఉన్నారు. ఎముకలో చేరిన ఫ్లోరైడును వ్యాయామం తీసెయ్యదు, అట్లా చెప్పేవాళ్లను నమ్మొద్దు. మిగిలిన కదలికను కాపాడుతుంది, అంతే. బావి దగ్గరికి తనంతట తాను నడవగలిగే మనిషికి ఆ 'అంతే' చిన్నదేం కాదు.

పక్షవాతంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. డాక్టరు సరే అన్నాక, మొదటి రోజుల నుంచే కదిలించడం మొదలుపెట్టాలి. ఇంకోటి, మంచం మీంచి లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగొద్దండి, భుజం కీలు జారిపోతుంది. నడుం కింద చెయ్యి వేసి లేపండి. మోకాళ్ల సంగతి వచ్చే ఎపిసోడ్‌లో.