మనం చుట్టే వెస్సెల్ వెనుక కథ

ఐకాడ్‌లో పొద్దున్నే బస్సు దిగి యార్డులోకి వెళ్తే ముందుగా కనబడేవి అవే, అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద పెద్ద ఇనుప డ్రమ్ములు. మాలో కొందరం ప్లేటు చుడతాం, కొందరం ఫిట్టప్, కొందరం వెల్డింగ్, గ్రైండింగ్. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ట్యాంకులు చేస్తున్నాం" అని చెప్పేస్తాం. నిజానికి ట్యాంకు వేరు, ప్రెషర్ వెస్సెల్ వేరు. ట్యాంకు లోపలి సరుకు బరువు మోస్తే చాలు. వెస్సెల్‌లో మాత్రం ఒత్తిడి రాత్రింబవళ్లు గోడను బయటికి తోస్తూనే ఉంటుంది.

ఆ తోపు ఏం చేయగలదో లోకానికి బాగా తెలిసింది బాయిలర్ల వల్ల. 1905 మార్చి 20న అమెరికాలోని బ్రాక్‌టన్ ఊళ్లో ఒక బూట్ల ఫ్యాక్టరీలో, పొద్దున పని మొదలైన కాసేపటికే బాయిలర్ పేలింది. భవనం కూలి మంటలంటుకుని 58 మంది పోయారు. అంతా మనలాగే షిఫ్టుకు వచ్చినవాళ్లు. రెండేళ్లకు, 1907లో, ఆ మసాచుసెట్స్ రాష్ట్రం బాయిలర్ల తయారీకి నియమాలు పెట్టింది. అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం, అదే మన డ్రాయింగుల మీద కనబడే ఏఎస్ఎంఈ, 1914 నాటి కోడ్‌తో మొదలుపెట్టి, మంట తగలని వెస్సెళ్లకు 1925లో సెక్షన్ 8 తెచ్చింది. నేమ్ ప్లేటు మీద కొట్టే 'యు' ముద్ర దానిదే.

అబూ ధాబీ చమురు 1962లో దాస్ దీవి నుంచి మొదటిసారి ఓడెక్కింది. బావిలోంచి వచ్చేది ఒట్టి చమురు కాదు, గ్యాసూ నీళ్లూ కలిసే వస్తాయి. వాటిని విడదీసేదే సెపరేటర్: గ్యాస్ పైకి, నీళ్లు అడుక్కి, చమురు మధ్యకి. నిలువుగా ట్రేలతో ఉండేది కాలమ్. లోపల ట్యూబుల కట్ట ఉంటే హీట్ ఎక్స్ఛేంజర్. కంప్రెసర్ పక్కనుండే చిన్న ఎయిర్ రిసీవర్‌ను ఎవరూ లెక్కచేయరు గానీ, గాలిలోని తేమ నీరై దాని అడుగును లోపల్నించే తినేస్తుంది. రోజూ డ్రెయిన్ తిప్పాలి.

ఎల్‌పీజీకి గోళాలు వాడతారు. అదే వ్యాసం, అదే ఒత్తిడి అయితే గోళానికి డ్రమ్ములో దాదాపు సగం మందం ప్లేటు సరిపోతుంది. అయితే ఎంత గట్టి గోళమైనా, బయట కారిన గ్యాస్ అంటుకుంటే ఏమవుతుందో 1997 సెప్టెంబర్ 14న విశాఖ రిఫైనరీలో చూశాం. 60 మంది దాకా చనిపోయారు. ఆ విశాఖలోనే, 1966లో, వెస్సెళ్ల కోసమే బీహెచ్‌పీవీ పుట్టింది.

చివరి పరీక్ష హైడ్రో టెస్ట్. నీళ్లు నింపి, మామూలుగా అనుమతించిన ఒత్తిడికి కనీసం 1.3 రెట్లు ఎక్కిస్తారు. నీళ్లే ఎందుకంటే, అవి నొక్కితే పెద్దగా కుదించుకుపోవు. వెల్డు విడిచినా నీళ్లు చిమ్ముతాయి, ఒత్తిడి చటుక్కున పడిపోతుంది. గాలి అలా కాదు, నొక్కిన స్ప్రింగులాంటిది, వదిలితే ముక్కలు ఎగురుతాయి. ఒక యార్డులో నీళ్ల ట్యాంకర్ రాలేదని "గాలితో కానిచ్చేద్దాం" అన్నారు. మా సీనియర్ ఫిట్టర్ అన్న కంప్రెసర్ హోస్ పక్కకు లాగేసి, దాని మీదే కూర్చున్నాడు. ట్యాంకర్ వచ్చేసరికి సాయంత్రమైంది.