రొయ్యల వేపుడు వెనక ఒక కేసు

పోయిన ఆదివారం మీటింగ్ అయిపోయాక తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను సముద్రం ఒడ్డున ఒక హోటల్‌కి తీసుకుపోయారు. రొయ్యల వేపుడు, పీతల పులుసు. అబద్ధం ఎందుకు, కడుపునిండా తిన్నా. బిల్లు చూసి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, రొయ్య ఎప్పుడూ ఇంత ఖరీదేనా?"

కాదు తమ్ముడూ. మా అమ్మమ్మ బకింగ్‌హామ్ కాలవలో పాత చీర వల చేసి పట్టిన రొయ్యకి ధరే లేదు. కూలి దొరకని రోజు కూర అది. గుప్పెడు ఎండు రొయ్యలు వంకాయలో పడితే వాడంతా ఘుమఘుమ. బడిలో మాత్రం అదే 'నీచు కంపు'. మా క్యారేజీలు వరండాలో ఉండేవి.

తర్వాత టైగర్ రొయ్యకి డాలర్లు రాలాయి. 1990ల మొదట్లో మా నెల్లూరు తీరమంతా గుంటలు తవ్వారు. డీ-ఫారం పట్టా భూముల్ని అమ్మకూడదు, కొనకూడదు అని 1977లోనే చట్టం చేశారు. అయితేనేం, 'లీజు' అనే మాట ఉంది కదా! ఉప్పునీళ్లు నిలబెట్టిన నేలలో వరి రాదు. పక్క చేనూ పోతుంది, మంచినీళ్ల బావీ పోతుంది. ఇంకో సంగతి ఎవరూ లెక్కెయ్యరు. నాట్లు, కలుపు, కోత అంటే వాడలో ఆడవాళ్లందరికీ పని. గుంటకి కావాల్సింది మేత చల్లేవాడు, రాత్రి కాపలావాడు.

దీని మీద సుప్రీంకోర్టుకి పోయిన కేసు మన తీరం నుంచి కాదు, తమిళనాడు నాగపట్నం వైపు నుంచి వచ్చింది. ఆ పేరు వింటే మనకి కీళ్వెన్మణి గుర్తు రావాలి. 1968 డిసెంబర్ 25 రాత్రి, కూలి పెంచమని సంఘం కట్టినందుకు 44 మంది దళితుల్ని గుడిసెలో పెట్టి తగలబెట్టారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. భూస్వాములు చివరికి హైకోర్టులో నిర్దోషులైపోయారు. ఆ ఘటన విని అక్కడికి పోయి మకాం పెట్టిన మనిషి కృష్ణమ్మాళ్. భూమిలేని దళిత కుటుంబంలో పుట్టిన ఆడబిడ్డ. భర్త జగన్నాథన్ సర్వోదయ కార్యకర్త. 1981లో సంస్థ పెట్టి, భూస్వాముల దగ్గర పొలాలు కొని, ఎకరం చొప్పున దళిత స్త్రీల పేరు మీద రాయించారు. (సర్వోదయం మీద నాకున్న పేచీలు మీకు తెలుసు. ఈ పని మాత్రం తక్కువది కాదు.) ఆ పొలాల చుట్టూ రొయ్యల కంపెనీలు దిగాయి. సత్యాగ్రహాలు చేశారు, చివరికి 1994లో జగన్నాథన్ పేరుతో కేసు పడింది.

1996 డిసెంబర్ 11న తీర్పు. జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం 1991 తీర నోటిఫికేషన్ పట్టుకుని, పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు గుంటలు 1997 మార్చి 31కల్లా తీసెయ్యమంది. పంటభూములు, ఉప్పు కయ్యలు, మడ అడవులు, ఊరుమ్మడి నేలలు గుంటలు చెయ్యొద్దంది. వచ్చే ఆదాయం కంటే జరిగే నష్టమే ఎక్కువని నిపుణుల లెక్కలు చూసే చెప్పింది. పని పోయే కూలీలకి ఆరేళ్ల జీతం పరిహారం ఇమ్మంది.

గెలిచాం అనుకున్నారు. గుంటలు నిండుగానే ఉన్నాయి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చింది. 1991 నోటిఫికేషన్ రొయ్యల సాగుకి వర్తించదని, అదీ మొదటి రోజు నుంచే వర్తించనట్టు భావించాలని రాసుకున్నారు. కోర్టు ఆధారపడిన కాగితాన్నే వెనక్కిపోయి మార్చేశారన్నమాట!

చేతులు కడుక్కోడానికి హోటల్ వెనక్కి పోయా. ఐసునీళ్ల టబ్బు ముందు ఒకామె రొయ్యలు ఒలుస్తోంది. వేళ్లు నానిపోయి తెల్లగా ఉన్నాయి. "ఏ ఊరు అక్కా?" అన్నా. చెప్పింది. గుంటలు పడిన ఊరే.

"మీకు చేను లేదా?"

"ఉండింది. లీజుకిచ్చాం."

"ఎన్నేళ్లకి?"

ఆమె ఇంకో రొయ్య తీసుకుంది. "కాగితం వాళ్ల దగ్గరే ఉంది నాయనా" అంది.

వచ్చే వారం ఆ కాగితం గురించి రాస్తా.