పింగాణీ బొమ్మ అడుగున ఏముంది?

మన మెస్సుల్లో ప్లేటు మీద యూనిట్ చిహ్నం ఉండటం మనకందరికీ అలవాటే. ఆ చిహ్నాన్ని చూసి ప్లేటు ఎవరిదో చెప్పేస్తాం. కాని ఏ ఫ్యాక్టరీలో తయారైందో తెలియాలంటే తిరగేసి చూడాల్సిందే. పాత బ్రిటిష్ జ్ఞాపిక పింగాణీ, అంటే 'క్రెస్టెడ్ చైనా' సంగతీ అంతే. పైనున్న చిహ్నం అది అమ్ముడైన ఊరిది. దాని పుట్టుక మాత్రం అడుగున ఉంటుంది.

ఈ పింగాణీకి ఆద్యులు స్టోక్-ఆన్-ట్రెంట్‌కు చెందిన గాస్ కుటుంబం. విలియం హెన్రీ గాస్ 1858లో కంపెనీ పెట్టాడు. రైళ్లెక్కి సముద్రతీరాలకు సెలవులకు వెళ్లే జనం పెరగడం గమనించి, ఆయన కుమారుడు అడాల్ఫస్ 1880లలో చిన్న చిన్న పాత్రల మీద ఆయా ఊళ్ల చిహ్నాలు వేయించి అమ్మించాడు. చిహ్నం గీతలు అచ్చు వేసేవారు, రంగులు చేత్తో నింపేవారు. వ్యాపారం బాగా సాగడంతో ఆర్కేడియన్, కార్ల్టన్, షెల్లీ, గ్రాఫ్టన్ వంటి పేర్లతో ఇతరులూ రంగంలోకి దిగారు. 1929లో గాస్ కంపెనీ చేతులు మారింది. 1930లలో ఈ మోజే తగ్గిపోయింది.

ఇక గుర్తుపట్టే పద్ధతి. అడుగున రెక్కలు చాచిన డేగ, దాని కింద గాస్ పేరు ఉంటే అది గాస్ వారిది. మిగతావారు తమ తమ పేర్లు వేసుకున్నారు. 'ఇంగ్లండ్' అని దేశం పేరు ఉంటే సాధారణంగా 1891 తర్వాతిది. దిగుమతి సరుకుల మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేయడమే ఇందుకు కారణం. 'జర్మనీ' అనో 'ఫారిన్' అనో ఉంటే, పైన ఇంగ్లిష్ ఊరి చిహ్నం ఎంత స్పష్టంగా ఉన్నా, సరుకు బయటి నుంచి వచ్చినదే. 'ఆర్‌డి నెంబర్' ఉంటే అది నమూనా రిజిస్టరైన కాలాన్ని చెబుతుంది. ఆ వస్తువు అదే ఏడాది తయారైందని కాదు.

మన సైనికులకు ఆసక్తి కలిగించేది మొదటి ప్రపంచ యుద్ధకాలపు సరుకు. ఫిరంగి గుండ్లు, అంబులెన్సులు, యుద్ధనౌకలు, ట్యాంకులు అన్నీ తెల్లటి పింగాణీలో వచ్చాయి. ఇక్కడ వస్తువు ఆకారమే ఒక తేదీ.

నాతో పనిచేసిన ఒక సుబేదార్ మేజర్ గారి ఇంట్లో, పంజాబ్‌లో, అటువంటి ట్యాంకు చూశాను. దాని మీద రెండు డాల్ఫిన్లున్న బ్రైటన్ చిహ్నం. "సాబ్, మా తాతగారు ఫ్రాన్సులో గాయపడి బ్రైటన్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెచ్చుకున్నది" అన్నాడాయన. తిరగేస్తే 'ఆర్కేడియన్' ముద్ర, స్టోక్-ఆన్-ట్రెంట్ పేరు ఉన్నాయి. అంటే చిహ్నం బ్రైటన్‌ది, తయారీ స్టోక్‌లో.

తేదీలే కుదరలేదు. బ్రైటన్ రాయల్ పెవిలియన్‌లో భారతీయ సైనికుల ఆసుపత్రి 1914 డిసెంబరులో మొదలై 1916 ఆరంభంలో మూతపడింది. ట్యాంకు మొదటిసారి యుద్ధరంగంలో కనిపించింది 1916 సెప్టెంబరు 15న. అంతదాకా అది రహస్యం. కాబట్టి ఆ బొమ్మ ఆసుపత్రిలో ఉండగా కొన్నది కాదు.

అలాగని తాతగారి సేవ అబద్ధమైపోదు. ఆ ఆసుపత్రిలో 4,000 మందికి పైగా మన జవాన్లు చికిత్స పొందారు. ఆయన అక్కడ ఉన్నారా లేదా అన్నది డిశ్చార్జి కాగితాలు, పెన్షన్ పత్రాలు, మెడల్ అంచు మీద చెక్కిన నెంబరు, యూనిట్ పేరుతో మొదలుపెట్టి తేల్చుకోవాలి. బొమ్మ తర్వాత ఎవరి ద్వారానో ఇంటికి చేరి ఉండవచ్చు. ఈ మాటే ఆయనకు చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, పెట్టెలోంచి పాత కాగితాలు తీశారు.

మిత్రులారా, మన ఇళ్లల్లో, యూనిట్ మ్యూజియాల్లో ఇలాంటి వస్తువులు చాలా ఉంటాయి. చీటీ రాసేటప్పుడు వస్తువు చెప్పేది ఒక వరుసలో, ఇంట్లో పెద్దలు చెప్పేది మరో వరుసలో రాయండి. రెండూ కలిపేస్తే, రేపు ఒకటి తప్పని తేలిన రోజున రెండోదాన్నీ ఎవరూ నమ్మరు. నష్టపోయేది పింగాణీ కాదు, నిజంగా యుద్ధం చేసిన సిపాయి పేరు.