గింజ కొద్దీ ప్రెయిరీ

అమెరికాలోని ఇలినాయిలో ఒకప్పుడు సుమారు 2.2 కోట్ల ఎకరాల ప్రెయిరీ, అంటే గడ్డి, పూలమొక్కలు పెరిగే మైదానం, ఉండేది. 1837లో జాన్ డీర్ ఉక్కు నాగలి చేశాక, రెండు మూడు తరాల్లోనే అందులో చాలామటుకు చేలుగా మారిపోయింది. నాగలి పడని రైలుకట్టల అంచుల్లో, తొలి వలసదారుల శ్మశానాల్లో మాత్రం ఆ ప్రెయిరీ మొక్కలు బతికాయి. వాటిని మళ్లీ పెంచిన పద్ధతులు కాలాన్నిబట్టి మారుతూ వచ్చాయి. ఆ మార్పుకు కారణం శాస్త్రజ్ఞానం పెరగడమేనంటారు. దానికన్నా చేతిలో ఎంత గింజ ఉందన్నదే ఎక్కువ నిర్ణయించిందని నా వాదన. 1930లలో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ అర్బొరేటంలో (వృక్ష ఉద్యానంలో) థియొడోర్ స్పెర్రీ, ప్రభుత్వ ఉపాధి శిబిరం యువకులతో గింజలు చల్లించడమే కాక, మొక్కల్ని మట్టిపెళ్లలతో సహా తెప్పించి నాటించాడు. 1962లో చికాగో దగ్గరి మోర్టన్ అర్బొరేటంలో రే షూలెన్‌బర్గ్ చుట్టుపక్కల మిగిలిన ప్రెయిరీ చెక్కల నుంచి గింజ ఏరించాడు. అంత కష్టపడి తెచ్చిన గింజను కలుపులో చల్లితే దండగే. అందుకే నారు పోసి, మొక్క మొక్కా నాటించి, చేత్తో కలుపు తీయించాడు. నారు పోయడమూ తేలిక కాదు: ఈ జాతుల్లో చాలావాటి గింజ చలికాలమంతా తడి నేలలో మగ్గితేగాని మొలవదు. తడి ఇసుకలో కలిపి నెలా రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉంచడం ఆ చలికాలాన్ని కల్పించడానికే. లుపిన్ అనే పూలమొక్క గింజకైతే పైపొర గట్టిది. గరుకు కాగితం మీద రుద్దితే గాని నీరు సరిగా లోపలికి దిగదు.

1975లో చికాగో దగ్గరి భౌతికశాస్త్ర ప్రయోగశాల ఫెర్మీల్యాబ్‌లో, కణాలను పరుగెత్తించే యంత్రపు వలయం లోపల రాబర్ట్ బెట్జ్ పని మొదలుపెట్టాడు. అంత విస్తీర్ణంలో నారు నాటడం కుదిరే పని కాదు. స్వచ్ఛంద కార్యకర్తలు చేత్తో ఏరిన గింజతో ముందు కొద్ది ఎకరాలు విత్తారు. అవి పండాక హార్వెస్టర్‌తో కోసి, ఆ గింజను తరువాతి చెక్కలకు వాడారు. ప్రెయిరీని నిలిపేది గింజ కాదు, అప్పుడప్పుడూ పెట్టే నిప్పు అనేవాళ్లున్నారు. 1940లలో వృక్షశాస్త్రవేత్త జాన్ కర్టిస్ బృందం ప్రయోగాలు నిప్పు విలువను చాటిన మాట నిజమే. కానీ నిప్పు విదేశీ గడ్డిని అణచి, ఉన్న మొక్కకు చోటిస్తుందే తప్ప లేని మొక్కను పుట్టించలేదు. దశాబ్దాలు దున్నిన నేలను బీడుగా వదిలేసినా అంతే, ఆ నేలలో పాత గింజ దాదాపు మిగిలి ఉండదు. యంత్రంతో చల్లితే మొండి జాతులే మిగులుతాయన్న అభ్యంతరం మాత్రం బలమైనది. బెట్జ్ పద్ధతిలోనే దానికి కొంత జవాబుంది: మొండివాటిని ముందు విత్తి, అవి కలుపును తొక్కేశాక సున్నితమైనవాటిని తెచ్చేవాడు. ఆ రెండో విడత గింజ యంత్రానికి అందేది కాదు. నేలబారున, ఒక్కోటి ఒక్కో వారంలో పండే ఆ మొక్కల కోసం మనుషులు ఇప్పటికీ సంచులు పట్టుకుని పాత చెక్కల్లోకే వెళ్తున్నారు, కొంత కోసుకుని మిగతాది ఆ నేలకే వదిలేస్తున్నారు.