కడుపులో కదలిక: ఎవరి మాట చెల్లింది?

ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్ విడిగా పెట్టాను. రికార్డింగ్‌లో టైం చాలక వదిలేసినవీ, మైకు ముందు చెప్పడానికి మొహమాటపడినదీ ఇక్కడ రాస్తున్నా. మొహమాటపడిందే ముందు చెప్పేస్తాను.

రెండో కాన్పప్పుడు నాకు ముప్ఫై అయిదో వారం. ఇల్ఫర్డ్‌లో మా ఫ్లాట్. రాత్రి పదకొండయింది. సాయంత్రం నుంచీ లోపల వాడు సరిగ్గా కదల్లేదని అప్పుడు తట్టింది. అమ్మకి ఫోన్ చేశా. తెనాలిలో తెల్లవారుజాము నాలుగున్నర. "ఏం కాదులేవే, నెలలు నిండేకొద్దీ లోపల చోటు చాలదు, అంతగా తిరగరు. చల్లటి నీళ్ళు తాగి ఎడమ పక్కకి పడుకో. పొద్దున చూద్దువుగాని" అంది. ఇద్దర్ని కన్న మనిషి, కాదనడానికి నేనెవర్ని? పడుకున్నా. అరగంట తర్వాత లేచి, ఫైలు మీద ఉన్న ఆసుపత్రి నంబరుకి చేశా.

ఎన్నిసార్లు కదిలిందో చెప్పమంటారని వేళ్ళ మీద లెక్క సిద్ధం చేసుకున్నాను. మిడ్‌వైఫ్ అది అడగలేదు. "మీ బిడ్డ మామూలుగా ఈ టైంకి ఎలా ఉంటుంది?" అంది. రోజూ అన్నం తిన్న అరగంటకి కుడిపక్క పొర్లుతాడనీ, ఇవాళ పొర్లలేదనీ చెప్పా. "అయితే ఇప్పుడే వచ్చేయండి." పొట్టకి బెల్టులు కట్టి సి.టి.జి. తీశారు. బాగానే ఉన్నాడు. ఇప్పుడు రెండో తరగతి చదువుతూ నన్ను సతాయిస్తున్నాడు.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. నా చేతిలో అంకె లేదు, చార్టు లేదు. "మామూలుగా లేదు" అన్న నా మాట ఒక్కటే ఉంది. ఆ మాట మీదే అర్ధరాత్రి ఒక మెషిన్ని ఆన్ చేశారు. తల్లి మాటకి ఈ విలువ ఎప్పుడొచ్చింది, మధ్యలో ఎటు పోయింది అని వెతుకుతూ పోతే ఈ ఎపిసోడ్ తయారైంది.

మొదట్లో ఆ విలువ చాలా ఎక్కువే. బిడ్డ మొదటిసారి కదిలినట్టు తల్లికి తెలియడాన్ని ఇంగ్లండ్ చట్టం 'క్విక్కెనింగ్' అంది. మరణశిక్ష పడిన స్త్రీ తాను గర్భిణినని చెప్పుకుంటే, పన్నెండుమంది ఆడవాళ్ళతో ఒక జ్యూరీ వేసేవారు. లోపల బిడ్డ కదులుతోందని వాళ్ళు తేలిస్తే ఉరి వాయిదా. 1919 దాకా మామూలు జ్యూరీలో ఆడవాళ్ళకి చోటే లేదు, ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ళదే తీర్పు! ఈ పద్ధతి 1931లో పోయింది. గర్భస్రావం సంగతికొస్తే, 1803 చట్టం ప్రకారం కదలిక తెలిశాక చేయిస్తే మరణశిక్ష, అంతకు ముందైతే తక్కువ శిక్ష. 1837లో ఇంగ్లండ్ ఆ తేడా తీసేసింది.

మన దగ్గర తీసెయ్యలేదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 312వ సెక్షన్‌లో 'క్విక్ విత్ చైల్డ్' అన్న మాట ఉంది. మామూలుగా మూడేళ్ళ దాకా శిక్ష, బిడ్డ కదిలే దశ వస్తే ఏడేళ్ళ దాకా. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్‌లోనూ ఆ మాట చెక్కుచెదరకుండా ఉంది. ఇంగ్లండ్ వదిలేసిన మాటని నూట అరవై ఏళ్ళకి పైగా మనం మోస్తున్నాం.

మన పాత గ్రంథాల్లో ఇంకో దారి ఉంది. నాలుగో నెలలో బిడ్డ గుండె తెలుస్తుందనీ, అప్పట్నుంచి తల్లికి రెండు హృదయాలనీ, అందుకే ఆమెని దౌహృదిని అంటారనీ సుశ్రుత సంహిత చెప్తుంది. ఆమె కోరిక బిడ్డ కోరికే, తీర్చాలి. రోజూ పేపర్లో చూసే 'దోహదం' ఆ మాటకి చుట్టమే. ఏ రోడ్డు ప్రాజెక్టో అభివృద్ధికి దోహదం చేస్తుందని చదివినప్పుడల్లా నాకు చింతకాయ అడిగే చూలాలు గుర్తొస్తుంది.

ఇక తల్లి మాట ఎక్కడ తగ్గింది? 1821లో పారిస్‌లో, అదీ పొరపాటున. లె జుమో ద కెర్గరదెక్ అనే డాక్టరు అప్పుడే కొత్తగా వచ్చిన స్టెతస్కోపు పొట్ట మీద పెట్టాడు. ఆయన వినాలనుకున్నది బిడ్డ కదిలితే ఉమ్మనీరు చేసే చప్పుడు. వినబడింది గడియారంలా టిక్‌టిక్‌మనే గుండె. కదలిక కోసం వెళ్ళి గుండెతో తిరిగొచ్చాడు. అక్కణ్ణుంచి వైద్యం చెవి గుండె మీదే ఉండిపోయింది. గుండె చప్పుడు డాక్టరు స్వయంగా వినొచ్చు, కదలిక సంగతి తల్లినే అడగాలి. అడగక్కర్లేని దారి దొరికితే మనుషులు సాధారణంగా ఆ దారే పడతారు.

వినడం అయ్యాక చూడటం. ఇక్కడే మా ఊరు వస్తుంది. 1879లో ఆల్ఫ్రెడ్ హార్మన్ అనే ఆయన ఇల్ఫర్డ్‌లో తన ఇంటి కింది గదిలో ఫొటో ప్లేట్లు చెయ్యడం మొదలుపెట్టాడు. అదే తర్వాత ఇల్ఫర్డ్ లిమిటెడ్ అయింది. మన నాన్నల తరం స్టూడియోల్లో చూసిన ఫిల్ము డబ్బా మీది పేరు ఈ ఊరిదే. ఫ్యాక్టరీ 1976లో మూతపడింది. ఆ కంపెనీ ఫొటో ఫిల్ముతో పాటు ఎక్స్‌రే ఫిల్ము కూడా చేసింది. బిడ్డ ఎలా ఉంది, కటి ఎముకలు చాలతాయా అని గర్భిణులకి ఎక్స్‌రే తియ్యడం 1950ల్లో మామూలే.

1956లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆలిస్ స్టూవర్ట్ ఆ అలవాటుకి అడ్డుపడింది. కాన్సర్‌తో పిల్లలు పోయిన తల్లుల్నీ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లుల్నీ ఒకే ప్రశ్నలు అడిగించింది. కడుపుతో ఉన్నప్పుడు ఎక్స్‌రే తీశారా అన్నది వాటిలో ఒకటి. తీయించుకున్నామన్న జవాబు మొదటి వాళ్ళలో దాదాపు రెట్టింపు వచ్చింది. చాలామంది డాక్టర్లు నమ్మలేదు. వాళ్ళ అభ్యంతరం: తల్లుల జ్ఞాపకాన్ని ఎలా నమ్ముతాం, బిడ్డ పోయిన తల్లి ప్రతిదీ తవ్వుకుంటుంది కదా? అది తీసిపారేసే అభ్యంతరమేమీ కాదు, నిజాయితీగా చెప్పాలి. 1962లో అమెరికాలో బ్రయన్ మెక్‌మాన్ ఎవర్నీ అడక్కుండా ఆసుపత్రి రికార్డులు తిరగేశాడు. ఫలితం అటువైపే వచ్చింది. తల్లులు సరిగ్గానే గుర్తుపెట్టుకున్నారు.

1958లో గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ అల్ట్రాసౌండ్ బొమ్మలు ప్రచురించాడు, ఎక్స్‌రే మెల్లగా తప్పుకుంది. ఆ కథ మీకందరికీ తెలుసు.

తల్లిని మళ్ళీ అడగడం 1970ల్లో మొదలైంది, కానీ ఈసారి అంకెలతో. 1973లో జెరూసలేంలో సడోవ్‌స్కీ, యాఫే రోజువారీ కదలికల లెక్కని బిడ్డ క్షేమంతో ముడిపెట్టి రాశారు. 1976లో కార్డిఫ్‌లో పియర్సన్, వీవర్ పదిదాకా లెక్కపెట్టే చార్టు తెచ్చారు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి పదో కదలిక ఎప్పుడొచ్చిందో గడిలో గుర్తు పెట్టాలి. రాత్రి తొమ్మిదైనా పది రాకపోతే ఆసుపత్రికి ఫోను. క్షేమంగా పుట్టిన బిడ్డల తల్లుల లెక్కల్లో అంతకంటే తగ్గడం అరుదు కాబట్టి పది.

బానే ఉంది కదా అనిపిస్తుంది. 1989లో అడ్రియన్ గ్రాంట్ బృందం 68,000 మందికి పైగా స్త్రీలతో దీన్ని పరీక్షించి లాన్సెట్‌లో రాసింది. చార్టు ఇచ్చినచోటా ఇవ్వనిచోటా మరణాల్లో తేడా లేదు. చార్టు ఉన్నా, తల్లులు డాక్టరు దగ్గరికి చేరేసరికే చాలామంది బిడ్డలు పోయారు. నాకు ఇందులో పన్నెండు గంటలే కుట్టాయి. సాయంత్రం నాలుగుకి అనుమానం వచ్చిన తల్లి, ఇంకా తొమ్మిది కాలేదు కదా అని కూర్చోవచ్చు. అంకె ఆమె చేతికి పెన్సిల్ ఇచ్చింది, నోటికి తాళం కూడా వేసింది. అది నా ఊహ, పేపరు అలా అనలేదు.

2018లో ఆఫర్మ్ ట్రయల్: బ్రిటన్, ఐర్లండ్‌లలో 4,09,175 గర్భాలు. కదలిక గురించి తల్లులకి చెప్పి, వాళ్ళు వస్తే వెంటనే చూసే పద్ధతి పెట్టారు. మృతజననాలు వెయ్యికి 4.40 నుంచి 4.06 అయ్యాయి, అది కాకతాళీయం కాదని చెప్పేంత తేడా కాదు. సిజేరియన్లు, నొప్పులు తెప్పించడం మాత్రం పెరిగాయి. కదలిక గమనించడం తాయెత్తు కాదు. అయినా ఇక్కడి సలహా మారలేదు: నిర్ణీత అంకె లేదు, మీ బిడ్డ అలవాటు మీరు తెలుసుకోండి, తగ్గినా మారినా రాత్రయినా సరే వెంటనే ఫోన్ చెయ్యండి, తెల్లారేదాకా ఆగొద్దు. ఇంట్లో డాప్లర్ పెట్టి గుండె వినిపించిందని ఊరుకోవద్దు.

ఇక అమ్మ మాట. నెలలు నిండితే కదలిక తగ్గుతుందన్నది తప్పు. తన్నే తీరు మారొచ్చు గానీ, కాన్పు దాకా, నొప్పుల్లో కూడా కదులుతూనే ఉంటుంది. అమ్మతో తర్వాత ఈ సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ నాకు చెప్పింది, నేను నీకు చెప్పా. మా డాక్టరమ్మ గుండె విని బానే ఉంది వెళ్ళమనేది, ఇంకేం అడిగేది కాదు" అంది.

ఈ దేశంలో ఆసియా స్త్రీలకి మృతజననాలు తెల్లవాళ్ళకంటే ఎక్కువని ఏటా రిపోర్టులు చెప్తున్నాయి. కారణాలు చాలా. అందులో భాష ఎంత అని నేను లెక్కగట్టలేను గానీ, మొన్న ఫిబ్రవరిలో మా పెద్దమ్మ మనవరాలు డిపెండెంట్ వీసా మీద వచ్చింది, ఆరో నెల. ఇంట్లో తెలుగు, బయట మాట్లాడాలంటే భయం. "ఫోన్లో ఏమని చెప్పాలి పిన్నీ?" అంది. ఇద్దరం కూర్చుని ఒక వాక్యం రాశాం, తెలుగు అక్షరాల్లోనే: "మై బేబీ ఈజ్ మూవింగ్ లెస్ దాన్ యూజువల్." దాని కింద ఇంకోటి: "ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్." ఇంటర్‌ప్రెటర్‌కి డబ్బులేం కట్టక్కర్లేదని చెప్తే నమ్మలేదు. నాలుగైదుసార్లు పైకి చదివించా. ఆ కాగితం వాళ్ళ ఫ్రిజ్ మీద ఉంది, పక్కన మెటర్నిటీ నంబరు, పెద్ద అంకెల్లో.